కొంచెమైన నదియు... లేక కొంచెముండుటెల్ల?

బరంపురం నుంచి: మా ఇంట్లో మర్రి బోన్సాయ్ కుండీలోనే కాసి పండింది. ఆ పళ్ళ గింజలే చల్లితే మొలకలొచ్చి, ఇప్పుడు పళ్ళెంలోకి మార్చేంత అయ్యాయి. కాలనీ పూల ప్రదర్శనలో తల్లినీ పిల్లల్నీ పక్కపక్కన పెట్టి, కింద అట్ట మీద వేమన పాదం ఒకటి రాద్దామని. "కొంచె... కొదువగాదు" అని నోట్లో ఆడుతోంది. తర్వాత మర్రి విత్తనం వస్తుంది కదా? మధ్యలో ఏమిటి?

పర్లాకిమిడి మాస్టారు: రెండు పద్యాలు కలిపేశారు బాబూ. మర్రి ఉన్నది "చిత్తశుద్ధి"లో. అక్కడ "కొంచమైన నదియు కొదువగాదు". మీకు కావలసింది "అనువుగాని చోట"లోది, "కొంచెముండుటెల్ల కొదువగాదు". కొండ అద్దంలో కొంచెమైతే, మర్రి పళ్ళెంలో కొంచెమైంది. ఇంతకంటే అతికే పాదం దొరకదు.

రాయగడ: ఒప్పుకోను మాస్టారూ. మనది కాని చోట అణిగి ఉండమని చెప్పే పద్యం అది. అడవిలో ఉండాల్సినదాన్ని పళ్ళెంలో కూర్చోబెట్టి కింద ఆ పాదం రాస్తే, చెట్టు మనల్ని ఎత్తిపొడిచినట్టుంటుంది. హాయిగా "మఱ్ఱి విత్తనంబు వృక్షంబునకు నెంత" అని రాసుకోమనండి.

పర్లాకిమిడి మాస్టారు: "విత్తనంబు మఱ్ఱి". మీరు తిరగేశారు. గణాలు, అంటే అక్షరాల లెక్క, నిలుస్తాయి. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో రావలసిన జోడీ, పోతుంది. వి–వృ చెల్లుతుంది, మ–వృ చెల్లదు. ఈ పద్యాల ఛందస్సు ఆటవెలది, అందులో ప్రాసయతికీ, అంటే రెండో అక్షరాల జోడీకీ, చోటుంది కదా అంటారేమో, ఱ్ఱకీ క్షకీ ఏం చుట్టరికం?

గుణుపురం అక్క: మా అమ్మ ఎప్పుడూ "కుదువ గాదు" అనే చదివేది. కొదువ అని పుస్తకంలో చూశాకే తెలిసింది.

రాయగడ: కుదువంటే తాకట్టక్కా! వేమన్న సేటు కొట్టు పెట్టలేదు.

పర్లాకిమిడి మాస్టారు: నవ్వకండి. కొ–కు యతిమైత్రి ఉంది, ఛందస్సు ఆవిణ్ణి ఆపలేదు. కొదవ అన్నా, కొదువ అన్నా, కుదువ అన్నా మూడు లఘువులే, పొట్టి అక్షరాలే. అడ్డొచ్చేది అర్థం ఒక్కటే.

గుణుపురం అక్క: అదెందుకు అడ్డు? మనసు పెట్టి చేసిన పుణ్యం కొంచెమైనా తాకట్టులో లేదు, పూర్తిగా నీదే. మీ "లోటు కాదు" కన్నా ఇదే బావుంది.

పర్లాకిమిడి మాస్టారు: బావుండడం వేరు, పద్యంలో ఉన్న పాఠం వేరు. నోటి మీద నడిచిన పద్యాలు కాబట్టే 1829లో అచ్చు వేయించడానికి బ్రౌన్ దొర రాతప్రతులు పోగేసి పోల్చుకోవలసి వచ్చింది. ఎవరికి బావున్నది వాళ్ళు వేసుకుంటే వేమన మిగలడు.

జయపురం: మీ యతి సంగతి నాకు తెలీదు గానీ, "విత్తనంబు" దగ్గర ఎవరూ ఆగరేం? చాలామంది ఎర్రపండునే విత్తనం అనుకుంటారు. అసలు గింజ ఆ పండు లోపల, ఆవగింజ కంటే చిన్నది. మర్రికీ రావికీ మేడికీ దేని కందిరీగ దానికే. ఆ బుల్లి కందిరీగ కాయలోకి దూరి పుప్పొడి అంటిస్తేనే గింజకి పస. కుండీలో చెట్టు కాసినంత మాత్రాన మొలవదు, ఊళ్ళో పెద్ద మర్రులుండి ఆ ఈగ రావాలి. పండు నలిపి నీళ్ళలో వేస్తే తాలు తేలిపోతుంది, అడుగుకి దిగినవి తడి మట్టి మీద చల్లి వదిలేయాలి. పైన మట్టి కప్పకూడదు, వెలుతురు తగలాలి. ఇది చేసి చూసినవాడికి "నెంత" అన్న మాట బరువు తెలుస్తుంది. ఇంకోటి, బోన్సాయ్‌లో ఆకు చిన్నదవుతుంది, కాయ అవ్వదు. "కొంచెముండుటెల్ల"లో ఆ "ఎల్ల" అబద్ధం!

పర్లాకిమిడి మాస్టారు: భేష్. "నెంత"లో నకారం కూడా ఊరికే రాలేదు, వృక్షంబునకున్ + ఎంత.

రాయగడ: అట్ట మీద మర్రి అని రాస్తారా, మఱ్ఱి అనా? గిడుగు వారు పాఠం చెప్పిన ఊళ్ళో ఉండి బండి ఱ పట్టుకు వేలాడతారేంటి మాస్టారూ?

పర్లాకిమిడి మాస్టారు: గిడుగు వారు వాడుక భాష రాయమన్నారు గానీ పాత పద్యాన్ని దిద్దమనలేదు. పండితుల మీద ఆయన గెలిచిందే పాత కావ్యాల్లోంచి ప్రయోగాలు తీసి చూపించి. అటు సవర గిరిజనులు పలికే మాట అలాగే రాసుకున్నారు, ఇటు కవులు వాడిన మాట అలాగే చూపించారు. 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపాక ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు. నష్టపోయింది మా ఊరే.

గుణుపురం అక్క: పలికింది పలికినట్టు రాసుకోవడమే పద్ధతయితే మా అమ్మ ప్రయోగం ఎందుకు చెల్లదు? కుదువ.

పర్లాకిమిడి మాస్టారు: మీ అమ్మగారు ఎక్కడ నేర్చుకున్నారో చెప్పండమ్మా, అప్పుడు చూద్దాం.

గుణుపురం అక్క: వీధిబడిలో. పలక మీద అలాగే దిద్దించారట.