‘అభిమతస్థితిఁ దోడయి’: ఎవరి అభిమతం?

చిత్తుప్రతి: నన్నయ భారతం అవతారికలో, అంటే పీఠికలో, అర్జునుడికి కృష్ణుడిలా తనకు నారాయణభట్టు తోడయ్యాడని చెప్పిన పద్యం పొద్దుటి నుంచి నోట్లో నానుతోంది. “పాయక పాకశాసనికి భారతఘోరరణంబునందు నారాయణునట్లు తానును ధరామరవంశవిభూషణుండు...” చివర “అభిమతస్థితిఁ దోడయి నిర్వహింపఁగన్”. ఈ నిర్వహించడం ఏమిటి? కలిసి రాయడమా, ఇవాళ మనం ఎడిటింగ్ అంటున్నదా?

యతిమైత్రి: ‘తానును’ కాదండీ, ‘వానస’. వానస అన్నది వంశం పేరు. అయితే మీ ‘తానును’ కూడా ఉత్పలమాలలో చక్కగా ఒదిగింది. ‘నట్లుతా’ రగణం, ‘నునుధ’ నగణం. యతికీ ఢోకా లేదు. అందుకే ఇన్నాళ్లూ దొరక్కుండా తిరిగింది.

చిత్తుప్రతి: దిద్దుకున్నాను. నేనడిగింది మాత్రం వానస గురించి కాదు.

బండిర: కాసేపు వానస దగ్గరే ఆగండి, ఎడిటరు ఎందుకో అక్కడే తెలుస్తుంది. గణం తప్పితే ఎవరైనా పట్టుకుంటారు. గణానికి సరిపోయిన తప్పు రాసినవాడికి కనబడదు, అతని కన్ను కాగితాన్ని వదిలి తలలో ఉన్న వాక్యాన్నే చదువుకుంటుంది. వచనంలో ‘అర్ధం’ ఉండాల్సిన చోట ‘అర్థం’ పడిందనుకోండి, రెండూ మాటలే కాబట్టి స్పెల్‌చెకర్ నోరెత్తదు. మూడో అధ్యాయంలో అక్క వరసైన మనిషి పదకొండులో వదినైనా అంతే. దీనికి మందు పట్టిక. పాత్ర పేరు, వరస, వయసు, మొదట కనబడిన పుట. కథలో గడిచిన రోజులు. చేశాడా చేసాడా, వాళ్లా వాళ్ళా అన్న నిర్ణయాలు. మొదటి చదువులోనే రాసుకుంటూ పోవాలి. చివర్లో వేస్తే మళ్లీ మొదటి పుట నుంచి వెతకాలి.

అరసున్న: అసలు చిక్కు ‘అభిమతస్థితి’లో, అంటే ఇష్టానికి తగ్గట్టు అన్న మాటలో ఉంది. ‘తన కిష్టుఁడున్’లోని ‘తన’ నన్నయే. వాక్యం తరవాతి పద్యంలో ‘నన్నయభట్టు’ దగ్గరకు వెళ్లి గాని ముగియదు. కాబట్టి అభిమతమూ నన్నయదే. ఎడిటరు నిలబడాల్సిన చోటు అది. “ఈమె ఇల్లు వదిలి ఎందుకు వెళ్లిందో నాకు అందలేదు” అని మార్జిన్‌లో రాయాలి గాని, ఓ కారణం కల్పించి తానే పేరా రాసెయ్యకూడదు. ప్రశ్న వేస్తే రచయిత మూడు వాక్యాలు కొట్టేసి ఒకటి చేరుస్తాడు. తానే రాస్తే అక్కడ గొంతు మారుతుంది, ఎక్కడ మారిందో పాఠకుడికి ఇట్టే తెలిసిపోతుంది.

యతిమైత్రి: ఒప్పుకోను. ఉపమానం చూడండి. పాకశాసని అర్జునుడు. రథం రెండు సేనల నడుమ నిలపమంటే కృష్ణుడు నిలిపాడు. విల్లు వదిలేస్తానంటే మాత్రం వదలనివ్వలేదు. ఇది ఎవరి అభిమతం?

అరసున్న: ఆయుధం పట్టలేదుగా. బాణాలన్నీ అర్జునుడివే.

యతిమైత్రి: భీష్ముడి మీదికి చక్రంతో దూకిందెవరండీ మరి?

అరసున్న: దూకాడు. అప్పుడు పోతన అర్జునుడేమన్నాడు? “నమ్మితి నాలావు నగుబాటు సేయక మన్నింపు మని క్రీడి మరలఁ దిగువ”. ‘ఈ వాక్యం నాది, నన్నే తేల్చుకోనివ్వండి’ అని రచయిత అడ్డుపడడం సరిగ్గా ఇదే.

బండిర: ‘నమ్మితి’ దగ్గర ఆపుతారా, ‘నమ్మితి నా లావు’ అని కలిపి చదువుతారా? నిన్ను నమ్మాను అనా, నా బలాన్ని నమ్ముకున్నాను అనా?

అరసున్న: ఆపే చదవాలి. ‘నా లావు’ నగుబాటుకు కర్మ.

యతిమైత్రి: రెండింటికీ చెందుతుంది. పోతన అలా రెండు వైపులా ముడి వేస్తాడు. ఎడిటరు అక్కడ కామా పెట్టాడో, ఒక ముడి తెగినట్టే.

బండిర: అందుకే నన్నయ తరవాతి పద్యంలో ఆ వరస. “సారమతిం గవీంద్రులు ప్రసన్నకథాకలితార్థయుక్తి లో నారసి మేలు నా, నితరు లక్షరరమ్యత నాదరింప”. నా లెక్కలో ఇవి రెండు వేరు వేరు చదువులు. ముందు లోనారయడం, అంటే లోపలి సంగతి పరికించడం: కథ ఎక్కడ మొదలవ్వాలి, ఏ అధ్యాయం బరువు, ఏది రెండుసార్లు చెప్పాం. అక్షరాల సంగతి తరవాత. తిరగేసి చేస్తే, కామాలన్నీ దిద్దిన అధ్యాయాన్నే మర్నాడు తీసేయాల్సి వస్తుంది. ఇక ప్రూఫు వేరే మనిషి చూడాలి. రెండు విడతలు చదివినవాడి కన్ను కూడా అప్పటికి రచయిత కన్నులాగే అయిపోతుంది.

యతిమైత్రి: అన్వయం బాగుంది, నన్నయ ఉద్దేశం అదని మాత్రం అనకండి. అక్కడ చెబుతున్నది పాఠకుల గురించి.

అరసున్న: ఇంకో సంగతి. 1053 నాటి నందంపూడి శాసనంలో రాజరాజనరేంద్రుడి చేత అగ్రహారం పుచ్చుకున్నది నారాయణభట్టు. ఆ శాసనం రచించింది నన్నియభట్టు, అంటే మన నన్నయే. ఎడిటరుకు ముట్టిందానికి రచయిత చేతే పత్రం రాయించారన్నమాట! అందులో నారాయణభట్టు అయిదు భాషల్లో కవిరాజశేఖరుడు. అంతటివాడు ఒట్టి తప్పులు దిద్దడానికి కూర్చున్నాడంటారా?

చిత్తుప్రతి: అంటే ‘నిర్వహింపఁగన్’ అంటే కలిసి రాయడమనేనా?

అరసున్న: అలా అనలేదు. ‘తోడయి’ అన్నాడు.

యతిమైత్రి: దానికన్నా ముందు వానస తేలాలి. బానసం అంటే వంటిల్లు, మహానసానికి వికృతి. ఈ వానస దానికి చుట్టమని నా అనుమానం.

బండిర: బకారం వకారమైందని చూపించండి, అప్పుడు మాట్లాడదాం.