1518 స్ట్రాస్‌బర్గ్ డాన్స్ పిచ్చి: బూజు పట్టిన రొట్టె వల్లా, మనసు వల్లా?

గోదారిగట్టు:
నిన్న రాత్రి మా రూంలో ఇదే గొడవ, మీరే తేల్చండి. 1518 జూలైలో స్ట్రాస్‌బర్గ్‌లో (ఇప్పుడు ఫ్రాన్స్‌లో ఉన్న ఊరు) ఫ్రౌ ట్రోఫియా అనే ఆవిడ వీధిలోకొచ్చి డాన్స్ మొదలెట్టింది, ఇక ఆపలేదు, వారం తిరిగేసరికి ఇంకో 34 మంది, నెలకి 400 దాకా అంటారు. నేనైతే ఎర్గాట్ అంటా. రై అనే గోధుమలాంటి ధాన్యం గింజలకి పట్టే బూజు అది, ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందు పుట్టింది కూడా దాంట్లోని రసాయనాల నుంచే. పేదోళ్లు ఆ పిండి రొట్టెలు తిన్నారు, బుర్ర తిరిగింది, అంతే. మధ్యలో ఈ హిస్టీరియా గిస్టీరియా ఎందుకు?

నైట్‌డ్యూటీ సిస్టర్:
ఎర్గాట్ ఒంటికెక్కితే ఫిట్స్ వస్తాయి, లేదంటే రక్తం ఆడక వేళ్లూ పాదాలూ నల్లబడి కుళ్లిపోతాయి. ఆ కాళ్లతో రోజుల తరబడి గెంతమనండి చూద్దాం. 1374లో జర్మనీలోని ఆకెన్‌లోనూ ఇదే జరిగింది, ఎక్కువగా రైన్, మోసెల్ నదుల పక్క ఊళ్లలోనే. అన్ని చోట్లా పంటలు ఒకటి కాదు, ఉన్నదల్లా ఒకే నమ్మకం, సెయింట్ వైటస్‌కి కోపమొస్తే ఆడించి ఆడించి వదుల్తాడని. పైగా స్ట్రాస్‌బర్గ్‌లో అప్పటికే కరువు, రోగాలు.

మొండిఘటం:
హిస్టీరియా అన్న మాటంటేనే నాకు మంట. కారణం దొరక్కపోతే, అందులో ఆడవాళ్లయితే, ఆ ముద్ర కొట్టేస్తారు. పారాసెల్సస్ అనే అప్పటి డాక్టరు 1526లో ఆ ఊరెళ్లి రాసిందేంటి, ట్రోఫియా మొగుణ్ణి ఏడిపించడానికే ఆడింది అని! మన ఏలూరు సంగతి చూడండి, 2020 డిసెంబర్లో వందల మంది టపటపా పడిపోతే రక్తంలో సీసం, నికెల్ బయటపడ్డాయి. టెస్టు చెయ్యకపోయుంటే అదీ "మనసు" ఖాతాలో పడేదేగా.

నైట్‌డ్యూటీ సిస్టర్:
ఏలూరులో రక్తం దొరికింది తమ్ముడూ, 1518 వాళ్ల రక్తం ఎక్కణ్ణుంచి తేను? అయినా మనసు వల్ల అంటే నటన అనో, ఆడవాళ్ల బలహీనత అనో నేనన్లేదు.

బోనాలపిల్ల:
ఒక ముచ్చట చెప్త. బోనాలప్పుడు మా మేనత్తకు శివం ఊగుతది. మామూలుగ మోకాళ్ల నొప్పులని మెట్లెక్కది, డప్పు దరువు మారిందంటే సాలు, జుట్టు ఇరబోసుకొని గుడి దాక అట్లనే పోతది, పసుపునీళ్లు సల్లి నిమ్మకాయ కోస్తె సల్లబడ్తది. తెల్లారి అడిగితె ఏం యాదికుండది. ఆమె ఏ బూజు రొట్టె తినలే.

స్ట్రాస్‌బర్గ్‌ల ఏం జేసిన్రో సూడున్రి. డాక్టర్లు ఏమో ఒంట్ల రక్తం వేడెక్కింది, ఆడితెనే తగ్గుతది అన్నరట. కౌన్సిలోళ్లు హాళ్లు ఖాళీ జేయించి, స్టేజి కట్టించి, పైసలిచ్చి మరీ వాయించేటోళ్లను పెట్టిన్రు. ఇంకింత మంది దిగిన్రు! గప్పుడు తెలివొచ్చి బంద్ పెట్టిన్రు, పెండ్లిళ్లల్ల తీగల వాయిద్యాలు వాయించుకోవచ్చు గని డప్పులు వద్దన్నరు. డప్పే ఎందుకు వద్దన్నరో మా మేనత్తను అడుగున్రి.

మొండిఘటం:
డప్పు పాయింట్ బాగుంది, ఒప్పుకుంటా. కానీ రోజుకి 15 మంది చచ్చిపోయారని ప్రతి వీడియోలో ఊదరగొడతారే, అప్పటి ఊరి రికార్డుల్లో చావుల లెక్కే లేదు. అదొక్కటి ఆపండి ముందు.

నైట్‌డ్యూటీ సిస్టర్:
చివరికి బళ్లల్లో ఎక్కించి సావెర్న్ దగ్గర వైటస్ గుడికి తీసుకెళ్లి, ఎర్ర చెప్పులు తొడిగించి, చేతికి చిన్న సిలువలిచ్చి తిప్పారు. సెప్టెంబర్ కల్లా సద్దుమణిగింది. ఒంట్లో విషముంటే ఎర్ర చెప్పులకి దిగుతుందా గోదారిగట్టు గారూ?

గోదారిగట్టు:
సరే అక్కా, రొట్టె వదిలేస్తున్నా. స్టేజీ కట్టాక దిగినవాళ్లని డప్పు దింపిందనే అనుకుందాం, కానీ ట్రోఫియా ఒక్కతే వీధిలో మొదలెట్టిన రోజు అక్కడ వాయించేవాడే లేడు కదా, మరి ఆవిడకి దరువు ఎవరేశారు?