అప్‌డేట్: రంగురంగుల ఊలు దుప్పటి

మిగిలిన ఊలు ఉండలతో దుప్పటి అల్లుతుంటే అంచులు చుట్టుకుపోతున్నాయని అడిగాను కదా. ఒక వరుస నిట్ (సూదులతో వేసే మామూలు కుట్టు), ఒక వరుస పర్ల్ (దానికి తిరగేసిన కుట్టు) వేస్తే చుట్టుకోవడం ఆ అల్లిక గుణమేనని చెప్పారు. అందుకే ఇప్పుడు అన్ని వరుసలూ నిట్ వేస్తున్నాను. చదునుగా, మందంగా వస్తోంది. కాకపోతే ఊలు బాగా తాగుతోంది! దారం కొసలు రంగు మారిన చోటే దూర్చెయ్యమన్నవాళ్లకు దండం. మన ఎండల్లో అంత ఊలు ఒడిలో పెట్టుకోలేను కాబట్టి చిన్న చదరాలుగా అల్లి తర్వాత కలుపుతాను. ఉతకడం చల్లనీళ్లలోనే. వేడినీళ్లలో రుద్దితే అసలైన గొర్రె ఊలు ముడుచుకుపోతుంది. పసుపు పక్కన వంకాయ రంగు అత్తయ్యకు నచ్చలేదు, నాకు మాత్రం తెగ నచ్చింది. ఈ చలికాలానికి అవ్వకపోయినా టెన్షన్ లేదు.