షెజ్వాన్ సాస్ చేస్తే చేదొస్తా ఉంది, ఏడ తప్పు చేస్తన్నానో చెప్పండి

కావలి_కోడలు:
అందరికీ నమస్తే. మాది కావలి. సాయంత్రమైతే మా పిల్లోళ్ళిద్దరిదీ షెజ్వాన్ నూడుల్సు, షెజ్వాన్ రైసు, ఇదే గోల. కొనే సీసాలోది తియ్యగా ఉంటది, మా ఇంట్లో ఆ కారం ఎవరికీ ఆనదు. నేనే చేద్దామని రెండుసార్లు దిగా, రెండుసార్లూ చెడగొట్టా. మొదటిసారి పుట్టింటి నించి తెచ్చుకున్న ఎండుమిరపకాయలు ఓ పాతిక నానబెట్టి గింజలతో సహా మిక్సీ వేశా, తెల్లగడ్డలు నూనెలో బాగా ఎర్రగా వేయించి అందులో ఆ ముద్ద వేశా. కారం నషాళానికంటింది, మింగినాక చేదు, రంగు చూస్తే ఇటికరాయి రంగు. రెండోసారి భయపడి తెల్లగడ్డలు వేగీ వేగకముందే ముద్ద వేసి అయిదు నిమిషాల్లో దించేశా, పచ్చివాసన పోలా, నాలుగో రోజుకి ఫ్రిజ్‌లోనే పైన తెల్లగా బూజు. మా అత్తయ్య చూసి "మిరపకాయ కారానికి ఇంత పేరేందమ్మా, చింతపండేస్తే మన పచ్చడే గదా" అని ఒకటే నవ్వు. సెలెరీ అనే ఆకుకూర వెయ్యమంటన్నారు వీడియోల్లో, అది కావల్లో ఏడ దొరుకుద్ది?

ఒంగోలు_బండి_బాబాయ్:
అమ్మా, నేను ఒంగోలు కర్నూలు రోడ్డులో ఎనిమిదేళ్ళు ఫాస్ట్‌ఫుడ్ బండి నడిపి మోకాళ్ళు పోయి మానేసినోణ్ణి. నువ్వు చేసిన మొదటి తప్పు కాయల కాడే. మన కాయ కారానికి పనికొస్తది గానీ ఆ రంగుకి చాలదు. రంగుకొక కాయ, కారానికొక కాయ. ముడతలు ముడతలుగా ఉండే బ్యాడిగి కాయలు 20, మీ పుట్టింటి కాయలు 5, అంతకన్నా వద్దు. కత్తెరతో తుంచి గింజలు దులిపెయ్, గింజలు పోతే కారం పోద్దని భయపడమాకు, కారం ఉండేది గింజ అంటుకునుండే తెల్ల ఈనెలో. గింజ నూనెలో మాడితే చేదే. మరిగిన నీళ్ళలో అరగంట మూతపెట్టి నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, రెండు మూడు చెంచాల కొత్త నీళ్ళతో మెత్తగా రుబ్బు.

ఇక నూనె. అర టీ గ్లాసు నిండా పొయ్యాలి, చూసి గుండె ఆగుద్ది గానీ పొయ్యాల్సిందే, చెనక్కాయ నూనె అయితే మేలు. ఎల్లిపాయ రెబ్బలు 20 కత్తితో సన్నగా తరుగు, మిక్సీ వేస్తే తడికి చిటపటలాడి అడుగంటుద్ది. సన్న సెగ మీద వేయించు, ఎర్రబడే దాకా ఆగావా చేదు గ్యారంటీ, తెలుపు పోయి లేత గోధుమ రంగు తిరగంగానే బొటనవేలంత అల్లం తరుగు వేసెయ్, ఒక్క నిమిషం తిప్పి మిరప ముద్ద వెయ్. అప్పుడు చెంచాడు ఉప్పు. అక్కడ్నించి 15 నిమిషాలు తిప్పతానే ఉండాలి, ఫోన్ చూడగూడదు. ముద్ద దగ్గరపడి పక్కల నూనె తేలిందాకా దించమాకు, నీకు పచ్చివాసన పోకపోయింది, బూజు పట్టింది రెండూ దీనివల్లే, నీరు లోపలే ఉండిపోయింది. చివర్న సోయా సాస్ పెద్ద చెంచాడు, పంచదార చిన్న చెంచాడు, స్టవ్ ఆపినాక వెనిగర్ రెండు పెద్ద చెంచాలు. ముందే వేస్తే మరిగి మరిగి దాని ఘాటంతా ఆవిరైపోద్ది.

సెలెరీ గొడవొద్దు, కొత్తిమీర కాడలు సన్నగా తరిగి ఎల్లిపాయతో పాటు వెయ్. బండి మీద మేం వేసిందీ అదే.

నెల్లూరోడు_చెన్నైలో:
ఒక చిన్న మాట. మనం షెజ్వాన్ అంటన్నది చైనాలో సిచువాన్ అనే రాష్ట్రం పేరు, కానీ ఆ ఊళ్ళోళ్ళకి ఈ సాస్ చూపిస్తే ఇదేందో మాకు తెలీదంటారు. ఇది మన దేశంలో పుట్టిన చైనా వంట, కలకత్తా టాంగ్రాలో స్థిరపడ్డ హక్కా చైనావాళ్ళ హోటళ్ళ మాదిరి వంటలోంచి వచ్చిన వరస. అసలు సిచువాన్ వంటలో రెండు ముఖ్యం. ఒకటి డౌబాన్‌జియాంగ్, అంటే మిరపకాయలు, బాకలా చిక్కుడు గింజల్లాంటివి ఉప్పేసి నెలల తరబడి పులియబెట్టిన ముద్ద. రెండోది సిచువాన్ మిరియం, పేరుకే మిరియం, నోట్లో వేసుకుంటే నాలిక తిమ్మిరెక్కుద్ది. దాని చుట్టమే మన కొంకణ తీరంలో చేపల కూరలో వేసే తిరఫళం. ఆ తిమ్మిరి లేకుండా సిచువాన్ అనడం నాకైతే నచ్చదు.

ఒంగోలు_బండి_బాబాయ్:
అన్నా, ఆమె చేదు ఎందుకొస్తందని అడిగితే నువ్వు చైనా తీసుకుపోయావు 😀 పిల్లోళ్ళ నాలిక తిమ్మిరెక్కితే ఆ ప్లేటు నువ్వు తింటావా?

నెల్లూరోడు_చెన్నైలో:
తింటా, పంపించు.

కందుకూరు_పెద్దమ్మ:
మేం ప్రకాశమోళ్ళమే, 2022లో జిల్లాలు మార్చినప్పుడు నెల్లూరులో కలిపారు, కాబట్టి రెండు వైపులా మాట్లాడతా. ఆ చెన్నై అబ్బాయి పులియబెట్టిన మిరప ముద్ద అన్నాడు చూడు, అదే పట్టుకో అమ్మాయ్. సంక్రాంతి దాటినాక పండుమిరపకాయలొస్తయ్ గదా, కడిగి గుడ్డ మీద పొద్దుటి నించి సాయంత్రం దాకా ఆరబెట్టి, తొడిమలు తీసి, కిలోకి 150 గ్రాముల కల్లుప్పేసి తొక్కి జాడీలో పెడతాం. చింతపండు కలపక ముందు ఒక సీసాడు పక్కన తీసిపెట్టుకో. మూడో రోజుకి పులుపెక్కుద్ది చూడు, ఆ పులుపే కావాల్సింది. ఎండుమిరప ముద్దలో సగానికి సగం ఈ తొక్కు వేసి చెయ్, వెనిగర్ ఒక చెంచా చాలు, ఉప్పు అసలు వెయ్యమాకు, సోయాలో కూడా ఉప్పుంటది. మా మనవడు హైదరాబాదు నించి వచ్చినప్పుడల్లా ఇదే పట్టకపోతాడు. మీ అత్తయ్య అన్నది తప్పేం కాదు, నిజంగా అది మన పచ్చడికి దగ్గర చుట్టమే.

ఇంకోటి, బూజు పైన తీసేసి కింది దాన్ని వాడమాకు, మొత్తం పారెయ్. నూనెలో మునిగిన తెల్లగడ్డ బయట పెడితే ఊరుకోదు, గాలి తగలని చోట పెరిగే విషక్రిమి ఒకటుంటది, వాసనా రంగూ మారకుండానే చంపుద్ది. మన ఆవకాయ లెక్క వేరు, అందులో ఉప్పు ఎక్కువ, పులుపు ఎక్కువ. దీన్ని చల్లారంగానే ఎండలో ఆరబెట్టిన సీసాలోకి తీసి ఫ్రిజ్‌లోనే పెట్టు, పైన వేలెడు మందాన నూనె నిలవాలి, తడి చెంచా పెట్టినోళ్ళ చెయ్యి విరగ్గొట్టు, వారంలోపే ఖాళీ చెయ్.

స్టోన్‌హౌస్‌పేట_రాత్రి_డ్యూటీ:
అజినోమోటో వెయ్యకుండా బండి రుచి వస్తదా అసలు?

ఒంగోలు_బండి_బాబాయ్:
సగం వస్తది. మిగతా సగం అజినోమోటో కాదబ్బాయ్, మంట. బండి బర్నర్ ముందు ఇంటి స్టవ్ అగ్గిపుల్లతో సమానం. అందుకని ఇంట్లో ఒక్కో ప్లేటే చెయ్యాలి, నలుగురిదీ ఒకేసారి బాణట్లో పోస్తే కూరగాయలు నీరు వదిలి ఉడుకుతయ్, వేగవు. ఇనప బాణలి పొగొచ్చేదాకా కాగాలి.

కావలి_కోడలు:
బాబాయ్ చెప్పినట్టే ఆదివారం చేశా. బ్యాడిగి కాయలు కావలి బజార్లోనే దొరికినయ్. ఘాటుకి ఇంట్లో అందరికీ దగ్గులు, పక్కింటోళ్ళు కూడా కిటికీ మూసుకున్నారు, కానీ చేదు లేదు, రంగు అచ్చం హోటల్ రంగు. 15 నిమిషాలన్నారు గానీ నాకు 22 పట్టింది నూనె తేలేసరికి, నీళ్ళు ఎక్కువ పోశానేమో. పిల్లోళ్ళ కంటే ముందు మా అత్తయ్య దోశలోకి రెండుసార్లు వేసుకుంది, ఏమన్నా అంటే "రుచి చూస్తన్నా" అంటది. పెద్దమ్మా, పండుమిరపకాయలు రాంగానే మీ పద్ధతి చేస్తా.

ఇంకొక్క డౌటు, రైస్ మాత్రం ముద్దయిపోయింది, మేం తినేది బీపీటీ బియ్యం.

ఒంగోలు_బండి_బాబాయ్:
వేడన్నం వేసుంటావ్. బీపీటీ అయినా పొడిగానే వస్తది, రాత్రి ఒక గ్లాసు నీళ్ళు తగ్గించి పలుకుగా వండి వార్చి, పళ్ళెంలో పరిచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టు, పొద్దున చేత్తో విడదీసి వెయ్. ప్లేటుకి సాస్ చెంచాన్నర చాలు, అత్తయ్య దోశలకి కూడా మిగలాలిగా.