అప్‌డేట్: టాంజానియా నడక అయింది, భయపెట్టింది సింహం కాదు, చలి

టాంజానియాలో జంతువుల మధ్య కాలినడకన తిరగొచ్చా, శాకాహారికి తిండి దొరుకుతుందా అని మూడు నెలల కిందట అడిగాను. వెళ్లొచ్చాను.

నడవొచ్చు, కానీ ఎక్కడపడితే అక్కడ కాదు. గోరోంగోరో అనే పెద్ద అగ్నిపర్వత బిలంలో జీపులోనే తిరగాలి. మేం నడిచింది ఆ పక్కనున్న ఎత్తు ప్రాంతంలో, ఎంపకాయ్ బిలం వైపు. ముందు తుపాకీతో రేంజర్, వెనక సామాను మోసే గాడిదలు. రెండో రోజు పొద్దున్నే రేంజర్ చెయ్యెత్తి ఆపాడు. కాళ్ల ముందు పేడ, ఇంకా ఆవిరి లేస్తోంది. అడవిదున్నది. సింహం కంటే ఒంటరి దున్నంటేనే ఆయనకు భయమట. కిక్కురుమనకుండా నిలబడి, చుట్టుతిరిగి వెళ్లాం.

గైడ్ మాసాయి తెగ అతను. పాత టైరుతో చేసిన చెప్పులేసుకుని చకచకా నడిచాడు. నా ఖరీదైన బూట్లు మొదటి రోజే బొబ్బలు తెప్పించాయి. ఊళ్లో పిల్లలు వచ్చి తల వంచి నిలబడితే, ఏదో అడుగుతున్నారనుకుని బిస్కెట్లు తీయబోయాను. తల మీద చెయ్యి పెట్టాలట, పెద్దవాళ్లను పలకరించే పద్ధతి అది. భలే సిగ్గేసింది.

తిండికి టెన్షన్ అక్కర్లేదు. ఉగాలి అంటే మొక్కజొన్న పిండి సంకటే, బీన్స్ కూరతో పెడతారు. ఆవకాయ పట్టుకెళ్లమన్నవాళ్లకు దండం. సెట్సీ అనే కుట్టే ఈగలకు ముదురు నీలం, నలుపు ఇష్టం, ఆ బట్టలొద్దన్న సలహా కూడా పనికొచ్చింది.

ఆఫ్రికా అంటే ఎండే అనుకుని పల్చటి స్లీపింగ్ బ్యాగ్ తీసుకెళ్లడం మాత్రం నా తప్పే. 2,962 మీటర్ల ఓల్ దోయిన్యో లెంగాయ్ అగ్నిపర్వతాన్ని కింద నుంచే చూశాను. మోకాళ్లు ఒప్పుకోలేదు.