అపరాధ పరిశోధన నవలలను ఏ లెక్కన విడదీయాలి?

ప్రశ్న: కావలి పాఠకుడు

మా ఊళ్లో ఒక అద్దె పుస్తకాల కొట్టు మూతపడినప్పుడు, అందులోని రెండు గోతాల డిటెక్టివ్ నవలలను మా వీధి గ్రంథాలయానికి ఇచ్చారు. వాటిని అరల్లో సర్దే పని నాకు అప్పగించారు. గ్రంథాలయాల్లో పుస్తకాలకు విషయాన్ని బట్టి సంఖ్యలు వేసే డ్యూయీ దశాంశ పద్ధతిలో తెలుగు నవలలన్నీ 894.8273 అనే ఒకే సంఖ్య కింద చేరిపోతాయి కనుక, హంతకుణ్ణి వెతికే నవలకూ, గూఢచారి దేశాలు దాటి పరుగెత్తే నవలకూ అక్కడ తేడా లేదు. ఇంగ్లీషులో లాక్డ్ రూమ్, కోజీ, హార్డ్‌బాయిల్డ్, పోలీస్ ప్రొసీజరల్ అని విడదీస్తారని చదివాను కానీ, ఒకే నవల రెండు మూడు పేర్ల కిందికీ వస్తున్నట్టు కనిపిస్తోంది. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్‌నూ, మధుబాబు గారి గూఢచారి షాడోనూ పక్కపక్కన పెట్టవచ్చా? ఈ విభజనకు ఆధారమేమిటో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: ఒంగోలు, విశ్రాంత ఆంగ్లోపాధ్యాయుడు

మీకు కలిగిన తికమకకు కారణం ఆ పేర్లలోనే ఉందండి. పోలీస్ ప్రొసీజరల్ అన్నది పరిశోధించేవారిని బట్టి వచ్చిన పేరు. హార్డ్‌బాయిల్డ్ అన్నది హామెట్, చాండ్లర్ వంటి అమెరికన్ రచయితల కరకు ధోరణిని బట్టి వచ్చినది. కోజీ అన్నది నెత్తురు కళ్లకు కనిపించనివ్వని పద్ధతిని బట్టి, లాక్డ్ రూమ్ అన్నది చిక్కుముడి స్వభావాన్ని బట్టి వచ్చినవి. కొలబద్దలు నాలుగైనప్పుడు ఒకే పుస్తకానికి మూడు పేర్లు రావడంలో వింత లేదు.

నా మటుకు నేను ఒకే కొలబద్ద వాడతాను: పాఠకుడు ఏ ప్రశ్నకు జవాబు కోసం పేజీ తిప్పుతున్నాడు? ‘ఎవరు’ అన్నది ఒక ప్రశ్న, ‘ఎలా’ అన్నది మరొకటి. ఈ రెంటినీ చాలామంది కలిపేస్తారు. సోమశిల నుంచి నీరు వదిలి, పెన్న పొంగి, దారులు తెగిన ఊళ్లో ఒక మిద్దెలో ఎనిమిది మంది చిక్కుకుపోయారనీ, తెల్లారేసరికి వారిలో ఒకరు శవమయ్యారనీ అనుకుందాం. బయటివారు వచ్చే వీలు లేదు కనుక అనుమానితులు ఏడుగురే, ప్రశ్న ‘ఎవరు’. 1939లో అగాథా క్రిస్టీ పది మందిని ఒక ద్వీపంలో బంధించి రాసిన నవల ఈ తరహాదే. అదే మిద్దెలో లోపల గడియ వేసి ఉన్న గదిలో శవం దొరికితే, హంతకుడెవరో ముందే తెలిసినా కథ నిలబడుతుంది, ఎందుకంటే అక్కడ మనల్ని వేధించేది ‘ఎలా’. 1841లో ఎడ్గార్ అలన్ పో మొదలుపెట్టిన ఈ దారిలో జాన్ డిక్సన్ కార్ ఎంత దూరం వెళ్లాడంటే, 1935 నాటి తన నవలలో మూసిన గదిలో హత్య చేసే పద్ధతుల మీద తన డిటెక్టివ్ చేత ఒక అధ్యాయం నిండా ఉపన్యాసమే ఇప్పించాడు.

మూడోది, నేరస్థుణ్ణి మొదట్లోనే చూపించి ‘ఎలా దొరికిపోతాడు’ అని ఆడించే తలకిందుల కథ. ఆస్టిన్ ఫ్రీమన్ 1912లోనే దీనిని ప్రయోగించాడు. షాడో దగ్గర ప్రశ్న ‘ఇప్పుడేమవుతుంది’ కనుక ఆయనకు వేరే అర వేయండి.

జవాబు: నెల్లూరు, ఒకప్పటి అద్దె పుస్తకాల కొట్టు మనిషి

మాస్టారు చెప్పినది పాఠం చెప్పడానికి బాగుంటుంది కానీ, పదకొండేళ్లు బల్ల వెనుక కూర్చున్న నన్ను ‘ఎలా నవల ఇవ్వండి’ అని అడిగినవారు ఒక్కరూ లేరు. ‘యుగంధర్‌వి చదవనివి ఏమైనా ఉన్నాయా’ అనో, ‘రాత్రి పూట భయం వేయనిది ఇవ్వండి’ అనో అడిగేవారు. అందుచేత ముందు డిటెక్టివ్ పేరును బట్టి, తరువాత రచయిత పేరును బట్టి సర్దేవాణ్ణి.

ఇంకొక ప్రమాదం ఉంది. కొన్ని వర్గాల పేరు చెబితేనే గుట్టు రట్టవుతుంది. 1926లో వచ్చిన క్రిస్టీ నవల ఒకటి ఏ కోవదో అట్ట మీద రాసిపెడితే, ఆ పుస్తకం ఇక చదవనక్కర లేదు. అందుకే దాని పేరు కూడా ఇక్కడ రాయడం లేదు.

జవాబు: ఒంగోలు, విశ్రాంత ఆంగ్లోపాధ్యాయుడు

గుట్టు విషయంలో ఒప్పుకుంటున్నాను. అటువంటి వాటిని ‘ఎవరు’ అరలో మౌనంగా ఉంచడమే మర్యాద. గోతాల్లో చేతబడి నవలలు కూడా ఉండే ఉంటాయి కనుక మరొక్క మాట. నేరానికి కారణం దయ్యమని తేలితే ఆధారాలు ఏరుకుంటూ వచ్చిన పాఠకుడి శ్రమ వృథా అవుతుంది. 1929లో రోనాల్డ్ నాక్స్ డిటెక్టివ్ కథలకు పెట్టిన పది నియమాల్లో మానవాతీత శక్తులు పనికిరావన్నది ఒకటి. ‘తులసిదళం’ వంటివాటిని పక్క బీరువాలోకి పంపండి.

కావలి పాఠకుడు

ఇద్దరికీ కృతజ్ఞతలు. అరలను ప్రశ్నను బట్టి విడదీసి, ఒక్కొక్క అరలో డిటెక్టివ్ పేరును బట్టి సర్దుతున్నాను. ఒక పుస్తకానికి చివరి పన్నెండు పేజీలు చిరిగిపోయాయి. హంతకుడెవరో నాకు తెలియలేదు గానీ, మాస్టారి లెక్క ప్రకారం దాని అర ఏదో తెలిసిపోయింది.