హరిమలో రెండు రోజులు: హిమేజి కోట సరే, పాత బౌద్ధ ఆలయాల్లో ఏవి చూడాలి?

తూర్పుగాలి:
నవంబరులో హిమేజిలో బస. కోట ఎలాగూ చూస్తాం. పాత హరిమ ప్రాంతంలో (ఇప్పటి హ్యోగో నైరుతి భాగం) రైలు, బస్సుల్లో వెళ్ళగలిగే బౌద్ధాలయాలు ఏవి? చెక్క కట్టడాలంటే ఇష్టం. అమ్మానాన్నలకు మెట్లు కష్టం, వాళ్ళు కోట పైదాకా ఎక్కాలా?

దూలం_వాసం:
ముందు ఓనో ఊళ్ళోని జోదోజీ ఆలయానికి ఒక మధ్యాహ్నం తీసిపెట్టండి. మిగతావి దాని చుట్టూ సర్దుకోవచ్చు.

1180లో నారాలోని తోదాయ్‌జీ ఆలయం కాలిపోయాక, దాన్ని మళ్ళీ కట్టించిన చోగెన్ అనే భిక్షువే 1190ల్లో ఇక్కడ అమిద (అమితాభ బుద్ధుడి) మందిరం కట్టించాడు. చూరును మోసే అడ్డకొయ్యలను స్తంభాల మీద పేర్చలేదు, స్తంభాలను తొలిచి దూర్చారు. లోకప్పు లేదు కాబట్టి ఎర్రరంగు వాసాలన్నీ కింద నుంచే కనిపిస్తాయి. ఈ పద్ధతిలో ఆ కాలంలో కట్టి ఇప్పటికీ నిలిచినవి చాలా కొద్ది. మధ్యలో కైకెయ్ చెక్కిన అమిద, 5 మీటర్లు దాటిన విగ్రహం, తూర్పు ముఖంగా నిలబడి ఉంటుంది. వీపు వెనక, పడమటి గోడకు జాలీ తలుపులు. సాయంత్రపు ఎండ అందులోంచి వచ్చి నేల మీద పడి, పైకి లేచి వాసాలకు తగులుతుంది. అప్పుడు మందిరమంతా ఎర్రబంగారమే. మబ్బు పడితే ఇదేమీ కనబడదు, అందుకే రెండు రోజుల్లో ఎండ ఉన్న రోజు చూసుకోండి.

నవంబరులో 4 గంటలకే మూస్తారు, మధ్యాహ్నం 12 నుంచి 1 దాకా విరామం. రెండున్నరకు అక్కడుండాలి. లోపల ఫోటోలు తీయనివ్వరు.

దారి: కకోగావాలో జేఆర్ (జపాన్ రైల్వే) కకోగావా లైను ఎక్కి ఆవోలో దిగి, కోబె దెన్‌తెత్సు రైలుకు మారండి. రెండో స్టేషనే ఓనో, అక్కడి నుంచి బస్సు లేదా టాక్సీ. జేఆర్ లైను మీదే ఓనోమాచి అని ఇంకొక స్టేషన్ ఉంది, పేరు చూసి అక్కడ దిగకండి. బస్సులు తక్కువ, దిగగానే తిరుగు బస్సు వేళ చూసుకోండి.

అదే రోజు ఉదయం కకోగావాలోనే కకురిన్‌జీ ఆలయం చూడొచ్చు. 1112 నాటి తాయ్‌షిదో (షోతొకు యువరాజు పేరిట ఉన్న మందిరం), 1397 నాటి ప్రధాన మందిరం పక్కపక్కనే ఉంటాయి. నేల చదును, పెద్దవాళ్ళకు హాయి.

రాతిపునాది:
కోట సంగతి. ఇకెద తెరుమస 1601–1609 మధ్య కట్టించినది. పెద్ద బురుజు బయటికి ఐదంతస్తులు, లోపల ఆరు, కింద నేలమాళిగ. చెప్పులు విప్పి సంచిలో పెట్టుకుని మోయాలి, పై మెట్లు దాదాపు నిచ్చెనలే. అమ్మానాన్నలను ఎక్కించకండి. సన్నోమారు పచ్చిక మైదానానికి టికెట్ అక్కర్లేదు, కోట నిండుగా కనబడేది కూడా అక్కడి నుంచే.

మీరు మాత్రం ఉదయం 9కే వెళ్ళి బురుజును మోసే రెండు ప్రధాన స్తంభాలు చూడండి. ఒక్కోటి సుమారు 25 మీటర్లు. బరువుకు పునాది కుంగి బురుజు ఆగ్నేయానికి ఒరగడంతో, 1956–64 మధ్య మొత్తం విప్పి, కింద కాంక్రీటు పునాది వేశారు. అప్పుడే పడమటి స్తంభాన్ని మార్చారు. తెచ్చిన మాను దారిలో విరిగింది, అందుకే ఇప్పటిది రెండు మానులు అతికినది. మూడో అంతస్తులో ఆ అతుకు వెతకండి.

తూర్పుగాలి:
ధన్యవాదాలండీ. కోట చూశాక మధ్యాహ్నం షోషా కొండకు వీలవుతుందా?

దూలం_వాసం:
వీలవుతుంది. స్టేషన్ నుంచి 8వ నంబరు బస్సు, అరగంట, ఆపై రోప్‌వే. కొండ మీది ఎంగ్యోజీ ఆలయాన్ని 966లో షోకు అనే భిక్షువు స్థాపించాడు. రోప్‌వే పైస్టేషన్ నుంచి మనిదెన్ అనే మందిరం దగ్గరికి చిన్న బస్సు ఉంది, పెద్దవాళ్ళకు అదే మేలు. కానీ మనిదెన్ వాలు మీద కట్టినది, 1933లో పునర్నిర్మించినది. అసలు పాతవి ఇంకా లోపల, మూడు మందిరాలు ఒకే ముంగిట్లో ఎదురెదురుగా ఉంటాయి. మనిదెన్ చూసి వెనుదిరిగేవాళ్ళే ఎక్కువ, మీరలా చేయకండి. గాలి ఎక్కువైతే రోప్‌వే ఆపేస్తారు, కింది బస్సు ఎక్కేముందే కనుక్కోండి.

రాతిపునాది:
మూడో రోజు దొరికితే కసాయ్‌లోని ఇచిజోజీ ఆలయం. 1171 నాటి మూడంతస్తుల గోపురాన్ని మెట్ల మీద నుంచి, దాని పైకప్పులకన్నా ఎత్తు నుంచి చూడొచ్చు. స్థాపకుడు హోదో భారతదేశం నుంచి ఊదా మేఘమెక్కి వచ్చాడని స్థలపురాణం. మెట్లు మాత్రం చాలా ఉన్నాయి, అమ్మానాన్నలను ఆ రోజు అకషికి పంపండి. స్టేషన్ ప్లాట్‌ఫారం నుంచే అకషి కోట రెండు బురుజులు కనిపిస్తాయి. అక్కడ పెద్ద బురుజు లేదు, కాలిపోయి కాదు, దాని వేదిక కట్టి అక్కడితో ఆపేశారు.